ఉప్పూ పసుపూ అనుకున్న పొట్లం

నేను పిరికిదాన్ని. రిటైరయ్యాక ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఉద్యోగమంతా బల్ల మీద యాసిడ్ సీసాలు పెట్టుకుని సైన్సు పాఠాలు చెప్పినదాన్నే, కానీ మూత తిప్పిన ప్రతిసారీ మనసులో ఒక దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ గ్యాస్ పొయ్యి వెలిగించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటాను. మా ఆయన నవ్వుతారు, నవ్వనీండి. ఈ మధ్యే ఉద్యోగంలో చేరి, మిశ్రమాల పాఠానికి సులువుగా ఏం చేయించాలి మేడం అని నన్ను అడిగే కొత్త టీచర్లకు ముందుగా చెప్పేది ఒకటే. మీకు భయం ఉంటే పోగొట్టుకోవద్దు, దాచిపెట్టుకోండి. ఏదో ఒకరోజు అక్కరకొస్తుంది.

మాది మదనపల్లె. చివరి పోస్టింగు మాత్రం పుంగనూరు దాటి, కుప్పం వైపు పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక హైస్కూల్లో వేశారు. రెండు బస్సులు మారి పోవాలి. చుట్టుపక్కల ఊళ్లన్నీ వేరుశనగ చేలు, అక్కడక్కడ బోరు కింద టమాటా. కాయ ఊరే వేళకు అడవిపందులు దిగేవి. ఒక్క రాత్రి మంద పడితే చేను దున్నేసినట్టే. అందుకని ఆ నెలల్లో ఇంటిల్లిపాదీ చేలల్లో మంచెలెక్కి డబ్బాలు వాయించేవాళ్లు. పిల్లలు ఉబ్బిన కళ్లతో బడికొచ్చి, నేను పరమాణువుల గురించి చెబుతుంటే హాయిగా నిద్రపోయేవాళ్లు. లేపడానికి నాకు మనసొప్పేది కాదు.

ఆ నిద్రమొహాలను కూడా లేపే పాఠం ఒక్కటే, మిశ్రమాలు. దానికి నాదొక పద్ధతి. "మీ ఇంట్లో కలిసిపోయి ఉన్నది ఏదైనా ఒకటి తీసుకురండి, వేరు చేసి చూపించండి" అనేదాన్ని. ఆ రోజు తరగతి సంతలా ఉండేది. ఒకడు ఇసుక కలిసిన రాగులు తెచ్చి చాటతో చెరిగేవాడు. ఒకడు మట్టిబెడ్డలున్న శెనక్కాయలు జల్లెడ పట్టేవాడు. కుప్పంలో గ్రానైటు పాలిషు పట్టే చోట పనిచేసే తండ్రి ఉన్న పిల్లాడు బూడిదరంగు నీళ్లసీసా తెచ్చి, కదపకుండా పెట్టి, పొడి అడుక్కి పేరుకున్నాక పైనీళ్లు వంచేవాడు. కిరోసిను, నీళ్లు కలిపి తెచ్చినవాళ్లకు గాజు గరాటు ఇచ్చేదాన్ని. పాలు ద్రావణమా కాదా అని ప్రతి ఏడాదీ పోట్లాట జరిగేది. కంటికి విడివిడిగా కనిపించేది విజాతీయ మిశ్రమం, ఎక్కడ చూసినా ఒకేలా ఉండేది సజాతీయ మిశ్రమం అని నేను నల్లబల్ల మీద రాసేలోపు వాళ్లే చెప్పేసేవాళ్లు. మదనపల్లె మార్కెట్లో టమాటాలు ఏరి సైజుల వారీగా పెట్టెలకెత్తడం కూడా వేరుచేయడమే కదా మేడం అని ఒకసారి ఒకడు అడిగితే, వాడికి పదికి పది వేశాను.

నేను చెప్పబోయే రోజు కూడా అలాగే మొదలైంది. చింతకాయలు పచ్చిగా, పులుపెక్కి ఉండే కాలం. తొమ్మిదో తరగతి పిల్లలు ప్రయోగశాలలో బల్లల చుట్టూ నిలబడి ఉన్నారు. ప్రయోగశాల అన్నాను గానీ, అది రెండు కిటికీలున్న స్టోర్ రూము. ఉప్పు, ఇసుక తెచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉంటే, "రాళ్లుప్పు తెచ్చినవాళ్లు ముందు కల్వంలో వేసి నూరుకోండి, పొడైతే తొందరగా కరుగుతుంది" అని చెప్పి, పింగాణీ కల్వాలు పంచాను.

కిటికీ దగ్గరి బల్ల ముందు ఒక పాప నిలబడి ఉంది. ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆ రోజు మాత్రం మొహం వెలిగిపోతోంది. బ్యాగులోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి, చారెడు కల్వంలో పోసుకుని, నన్ను పిలిచింది.

"మేడం, నాది ఉప్పూ పసుపూ. నీళ్లల్లో ఏస్తే ఉప్పు కరుగుతాది, పసుపు అట్లే ఉంటాది. వడగట్టి నీళ్లు ఇగరబెడితే ఉప్పు మళ్లీ వస్తాది."

తరగతిలో ఎవరూ అంత చక్కగా చెప్పలేదు. శభాష్ అంటూ వంగి చూశాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ పసుపు పసుపులా లేదు. నిమ్మపండు రంగులో, పాలిపోయినట్టు ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు ఏ పరీక్షా అక్కర్లేదు. ఇనుప రజనుతో కలిపి, అయస్కాంతంతో వేరుచేసి, కొన్ని వందలసార్లు పిల్లలకు చూపించిన గంధకం అది. ఉప్పు కూడా ఉప్పు కాదు. ఉప్పురాయి అయితే చదరంగా ఉంటుంది. ఇవి పలుచటి రేకుల్లా మెరుస్తున్నాయి. దాని పేరు ఇక్కడ రాయను. టపాకాయలు చేసేవాళ్లకు తెలుసు, చదువుకున్నారు కాబట్టి మీకూ తెలుసు. ఆ రెండూ విడివిడిగా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు. కలిసి ఉన్నప్పుడు మాత్రం నిప్పు అక్కర్లేదు, రాపిడి చాలు. ఆ ఊళ్లల్లో దాన్ని పందుల మందు అంటారు. అడవిపందులు కొరికితే పేలేలా ఉండలు చుట్టి చేలగట్ల మీద పెట్టేవాళ్లున్నారని విన్నాను. చట్టం ఒప్పుకోదు. చేను పోయినవాడు చట్టం దాకా ఆలోచించడు.

పాప చేతిలో కల్వంలో నూరే పొత్రం ఉంది. అది కల్వంలో ఆనుకుని ఉంది.

అరవాలనిపించింది. అరిస్తే ఆ పిల్ల ఉలిక్కిపడి చెయ్యి కదిలిస్తుంది. చుట్టూ పిల్లలు తోసుకుంటారు, బల్ల కదులుతుంది.  అయినా ఎక్కడినుంచి వచ్చిందో గానీ, నిద్రపుచ్చేటప్పటి గొంతు వచ్చింది.

"పాపా, చెయ్యి అట్లే పెట్టుకో. తిప్పొద్దు. నేను నీళ్లు పోస్తాను."

పక్కనున్న బీకరు తీసుకుని, అంచు వెంబడి నీళ్లు జారవిడిచాను. నీళ్లు తెల్లరేకులను ముంచి, పొత్రం మొన మునిగేదాకా పైకొచ్చాయి. అప్పుడు ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పొత్రం తీసుకున్నాను. పొట్లంలో మిగిలింది కూడా అదే నీళ్లలో ముంచాను. తడిసిందంటే దాని కోరలు పీకినట్టే. ఒక్కమాట, కొత్తవాళ్లు జాగ్రత్తగా వినండి. నేను చేసినట్టు మీరు చేయొద్దు. పిల్లలను బయటికి పంపి, తలుపేసి, పోలీసులకు చెప్పండి. నాకప్పుడు ఆ దారి లేదు, అంతే.

"మిగతాది గ్రౌండులో చేద్దాం, అందరూ బ్యాగులు తీసుకుని వరసగా పోండి" అని పిల్లలను పంపేసి, తలుపుకు తాళం వేసి, పాపను వరండాలో పక్కన కూర్చోబెట్టుకున్నాను. 

"అది యాడ దొరికింది పాపా?"

"మా ఇంట్లోనే మేడం. గూట్లో డబ్బాలో ఉండాది. మా నాయన తెచ్చిపెట్టినాడు. మాయమ్మ నిన్న ఇల్లు సర్దతా సూసి, ఉప్పులో పసుపు ఎవురు పోసిరో అని తిట్టుకునింది."

"ఇంకా ఎంత ఉండాది?"

"డబ్బా నిండా ఉండాది మేడం. పారబోసేకి మనసు రాక, ఈపొద్దు చింతకాయ తొక్కుకు ఏస్తానన్నాది. తొక్కులోకి ఉప్పూ పసుపూ రెండూ పడాల కదా మేడం."

 మీలో తొక్కు పట్టడం చూడనివాళ్లుంటే చెబుతాను. పచ్చి చింతకాయలను రోట్లో వేసి, ఉప్పూ పసుపూ చేర్చి, నిలువెత్తు రోకలితో దంచుతారు. మామూలుగా తిప్పి నూరడం కాదు. రోకలి తలపైకి లేచి బలమంతా పెట్టి కిందికి దిగుతుంది. ఆ మందుకు ఏది తగలకూడదో సరిగ్గా అదే.

పాప వాళ్లింట్లో ఉన్నది ఒకే ఫోను, అది తండ్రి దగ్గర ఉంటుంది. నంబరు అడిగి కొట్టాను. ఎత్తాడు.

"అప్పా, నేను స్కూలు నుంచి సైన్సు టీచర్ని. మీ ఇంట్లో గూట్లో పెట్టిన డబ్బాలో ఉండేది పందుల మందేనా? దాన్ని మీ ఆమె ఉప్పనుకోని…"

అవతల ఏదో పడ్డ చప్పుడైంది. ఫోను ఆగిపోయింది. మళ్లీ కొట్టాను, స్విచ్ఛాఫ్. పోలీసులంటే భయపడి తప్పించుకున్నాడు, పెళ్లాం ఏమైపోయినా వీడికి పట్టదన్నమాట అనుకున్నాను. నాకు తెలిసిన తిట్లన్నీ మనసులో తిట్టాను. టీచర్లకు చాలానే తెలుసు.

హెడ్మాస్టరు గారికి చెబితే ఆయన మొహం పాలిపోయింది. "అమ్మా, ముందు పై ఆఫీసుకు చెప్పాలా, పోలీసులకు చెప్పాలా?" అన్నారు. "పోలీసులకు చెప్పండి సార్. పిల్లలను ల్యాబు వైపు రానీయొద్దు. ఈ పాపను మీ పక్కనే పెట్టుకోండి" అన్నాను. పాపను వెంట తీసుకుపోతే దారి చూపిస్తుంది, నిజమే. కానీ అక్కడ ఏం చూడాల్సి వస్తుందో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం అది చూడకూడదనిపించింది.

లెక్కల మాస్టరుకు బండి ఉంది. ఆయన తోలే తీరు చూసి, జన్మలో ఎక్కనని స్టాఫ్ రూములో అందరి ముందూ ఒట్టు పెట్టినదాన్ని నేనే. ఆ రోజు వెనక కూర్చుని ఇంకా వేగంగా పోనీండి అని ఆయన భుజం చరిచాను. ఆయన కూడా భయపడ్డట్టున్నాడు, మామూలుగా పాడే కూనిరాగం పాడలేదు.

దారి పొడుగునా నా బుర్ర ఆగలేదు. చింతకాయ పచ్చిది, తడి ఉంటుంది, తడిలో పడితే ఏమీ కాకపోవచ్చు. కానీ కొందరు ముందు రాళ్లుప్పును విడిగా దంచి పెట్టుకుంటారు. మా అమ్మ అలాగే చేసేది. పోనీ, అదృష్టం బాగుండి పేలలేదనుకో. అప్పుడది జాడీలోకి పోతుంది, అందరి సంగటి ముద్దల్లోకీ పోతుంది, తిన్నవాళ్లకు విషం. ఏమీ తెలియనివాళ్లకైతే ఒక్క భయమే ఉంటుంది. నాకు చదువు పుణ్యమా అని మలుపు మలుపుకూ ఒక కొత్త భయం పుట్టుకొచ్చింది.

ఊరు చేరి బండి ఆపగానే వినబడింది. దుబ్, దుబ్, దుబ్. రోకలిపోటు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది, చప్పుడు వస్తోందంటే ఇంకా ఏమీ కాలేదన్నమాట. అంతలో ఇంకో వైపు నుంచి దుబ్ దుబ్. వెనక సందులోంచి ఇంకొకటి. తొక్కుల కాలం కదా, ప్రతి ఇంట్లోనూ దంచుతున్నారు. అందులో ఏ పోటు ఆ ఇంటిదో తెలియదు. ఒక చప్పుడు ఆగితే చాలు, ఎందుకాగిందో అని ఆ వైపు తిరిగి చూసేదాన్ని. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ను పాప పేరు చెప్పి అడిగాం.

"నీలం రంగు తలుపు తల్లీ. యాల, పాప బళ్లో ఏమన్నా పడిందా?" అన్నాడు. జవాబు చెప్పకుండా పరుగెత్తాను. ఆ వయసులో, ఆ చీరలో, నేను పరుగెత్తడం చూసి కోళ్లు కూడా దారి ఇచ్చాయి.

తలుపు తీసే ఉంది. వాకిలి దాటితే నడవ. అక్కడ రోలు ముందు పాప వాళ్లమ్మ నిలబడి, కొంగు నడుముకు దోపుకుని దంచుతోంది. రోట్లో ఇంకా పసుపు పడని పచ్చటి చింతకాయల ముద్ద. కాలి పక్కన, మూత తీసిన డబ్బా. నేను చూస్తుండగానే ఆమె రోకలిని ఎడమ చేత్తో రోట్లోనే నిలబెట్టి, వంగి, డబ్బాలోంచి గుప్పెడు తీసింది.

మళ్లీ అదే. అరవకూడదు. అరిస్తే గుప్పెడూ రోట్లో పడుతుంది, దాని మీద రోకలి పడుతుంది. ఏం చెప్పాలో తెలియలేదు. నిజం చెబితే నమ్మడానికి ఎంతసేపు పడుతుంది? చివరికి నోటికొచ్చింది ఒక్కటే మాట.

"అమ్మా, కాసిన్ని మంచినీళ్లు ఇస్తావా?"

ఆమె తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. బడి మేడం ఇంటికొచ్చి దాహం అడిగితే ఆ ఊళ్లో ఏ ఆడమనిషీ చేతిలో పని పట్టుకుని నిలబడదు. గుప్పెడు మళ్లీ డబ్బాలోనే వేసి, రోకలిని గోడకు జేరవేసి, "అయ్యో, రాండి మేడం, కూసోండి" అంటూ లోపలికి పోయి పెద్ద చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చెంబు అందుకుని, నోటికి ఎత్తకుండా, డబ్బాలో మెల్లగా వంచేశాను. "ఇంకా కావాల తల్లీ, ఇంకో చెంబు" అన్నాను.

"అయ్యయ్యో! ఉప్పంతా పాడైపాయె కదా మేడం! ఏమైంది మీకు?" అంది ఆమె. లెక్కల మాస్టరు తనే తొట్టిలోంచి బిందెతో నీళ్లు ముంచుకొచ్చి డబ్బా మునిగేదాకా పోశాడు. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది. నేను రోలు పక్కనే కూలబడ్డాను.

అంతలో వాకిట్లో మనిషి పడ్డ చప్పుడు. పాప తండ్రి. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చేనినుంచి ముళ్లకంపల్లో అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లాన్ని చూసి, రోకలిని చూసి, నీళ్లలో మునిగిన డబ్బాను చూసి, గడప మీదే కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఫోను యాడనో పడిపాయె మేడం. మీ మాట యినగానే పరిగెత్తినా. యాన్నుంచి ఎట్లొచ్చినానో నాకే తెలీదు" అన్నాడు.

నేను మనసులో తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

తరువాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్లో చెప్పాల్సింది వేరే ఉంది. పోలీసులు వచ్చారు, తడిసిన డబ్బా వాళ్లే తీసుకుపోయారు, ల్యాబులో ఉన్నది కూడా. రాష్ట్రం సరిహద్దు అవతలినుంచి ఎవడో తెచ్చి అంటగట్టాడట. ఉండలు చుట్టడానికి ఆదివారం తనే వస్తానన్నాడట. ఇంకా చేలో ఏమీ పెట్టలేదు. పాప తండ్రి చాలా రోజులు స్టేషను చుట్టూ తిరిగాడు. నేనూ రెండుసార్లు పోయి సాక్ష్యం చెప్పి వచ్చాను. ఆ ఏడాది పందులు చేనులో సగం తినేశాయి. అతను మళ్లీ ఆ మందు జోలికి పోలేదు.

ఇక ఆ నడవలోకి వద్దాం. అతను గడప మీద కూర్చుని పెళ్లానికి అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు నమ్మలేదు. ఇంత ఉప్పు దండగైందే అనే బాధ మొహంలోంచి పోవడానికే కొంతసేపు పట్టింది. తరువాత రోకలి వైపు చూసింది. దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు, మొగుణ్ణి తిట్టలేదు. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"మీకెట్ల తెలిసింది మేడం?"

"పాప బడికి కొంచెం తెచ్చింది తల్లీ, ప్రయోగానికి."

"యాడ పెట్టుకోని తెచ్చింది?"

"బ్యాగులో."

ఆమె మొహంలో రంగు పోయింది. "ఆటోలో పాయె కదా మేడం నా బిడ్డ" అంది. అప్పుడు నాకూ తట్టింది. ఆ ఊరి పిల్లలు ఒక ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని వస్తారు. బ్యాగులన్నీ బయట కొక్కేలకు వేలాడుతూ, గుంత గుంతకూ రేకుకు కొట్టుకుంటూ వస్తాయి. పొద్దున ఆ ఆటో బడి ముందు ఆగినప్పుడు నేను గేటు దగ్గరే ఉన్నాను. పిల్లలు బ్యాగులు తీసి నేలకేసి కొట్టి ఆటలకు పరుగెత్తడం రోజూ చూసినట్టే చూశాను.

"పాపతో మాట్లాడాల మేడం" అంది ఆమె. హెడ్మాస్టరు గారికి ఫోను కొట్టి, స్పీకరు పెట్టి ఆమె చేతికిచ్చాను. అవతల పాప గొంతు, బాగా అలిగి ఉంది.

"మా, అందురూ చేసిరి మా. నాది ఒక్కటే మేడం చెయ్యనీలేదు. నీళ్లు పోసి ఎత్తి పెట్టేసిరి."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత అడిగింది.

"నీ బ్యాగు యాడుండాది పాపా?"

"నా ఒళ్లోనే ఉండాది మా. పొట్లం చినిగి, సగం దాంట్లోనే రాలిపాయె. బుక్కులంతా అయిపాయె. బండకేసి దులపాల."

తండ్రి గడప మీదినుంచి లేచాడు. నేను ఫోను కోసం చెయ్యి చాచాను. ఆమె చెయ్యెత్తి మా ఇద్దరినీ ఆపింది. తరువాత, పసిబిడ్డను జోకొట్టేటట్టు, ఎక్కడా తొణక్కుండా చెప్పింది.

"దులపగాకు పాపా. మెల్లగా లెయ్యి. బ్యాగు కింద పెట్టు, చప్పుడు రాకుండా. ఆఁ. ఇంగ దాన్ని ముట్టుకోగాకు. పెద్దసారు చెయ్యి పట్టుకోని దూరంగా నడువు. ఎనక్కి తిరిగి సూడగాకు."

ఫోనులో అడుగుల చప్పుడు వినిపించింది. మేం ముగ్గురం, లెక్కల మాస్టరుతో నలుగురం, ఆ ఫోను చుట్టూ నిలబడ్డాం. ఊళ్లో ఎక్కడో ఇంకా తొక్కు దంచుతూనే ఉన్నారు.

"వచ్చేసినా మా," అంది పాప. "యాల మా, ఏమైంది?"